బ్రహ్మనాయుని పదవీత్యాగము

పండ్రెండవ శతాబ్దమున పలనాట ప్రధానిపదవి యనగా మంత్రాంగమును సేనానాయకత్వమును గలసిన యధికారము. అట్టి యధికారమును దొడ్డనాయుని కుమారుడు బ్రహ్మనాయుడు గురజాలలో విడిచిపెట్టుటకు గారణము రాజకుటుంబములోని చీలికయే.

హైహయవంశజుడైన అనుగురాజు వెలనాటి చోడుల యాడుబిడ్డ మైలమాదేవిని బెండ్లాడి పలనాటిని అరణముగా బడసెను. ఆమెకు నలగాముడును, సవతియైన వీరవిద్యాదేవికి మలిదేవాదులును గలిగిరి. తండ్రి పిమ్మట సింహాసనమెక్కిన నలగాముడు నాయకురాలు నాగమ్మను మంత్రిణిగా గైకొని, ఆమె మాటకు లోబడుచు రాగా, అనుగురాజు బిడ్డలందఱకును సమానముగా గాపు గావలసిన బ్రహ్మనాయునికి, ఎవరి పక్షమున నిలిచినను రెండవవారికి ద్రోహము చేసినట్లగు సంకటము దాపురించెను. ఆతడు కొలువులోనుండి కుట్రలు పన్నక, రాజ్యమును బంచుమని కోరి, మలిదేవాదులను వెంటబెట్టుకొని మాచర్లకు దరలెను.

ఐనను ఆ త్యాగము సంపూర్ణము గాదు. ఒక ప్రభువును విడిచి వేఱొక ప్రభువునకు ప్రధాని యయ్యెను గదా! మాచర్లలో చెన్నకేశవుని నమ్మి, సర్వవర్ణములవారిని చాపకూటి పంక్తిని గూర్చుండబెట్టి, మాల కన్నమదాసునకు సేనానాయకత్వ మొసగి, ఆతడు కొత్త కొలువును గట్టిగా నిలువబెట్టినకొలదిని పాత కొలువుతోడి వైరము ముదిరెను. కోడిపోరున నోడి మాచర్లవారు ఏడేండ్లు దేశము విడిచిరి. గడువు దీఱిన పిమ్మట రాయబారియై గురజాలకు బోయిన అలరాజు నలగామునికి స్వయముగా అల్లుడు. ఆ చుట్టఱికము సయిత మాతనిని విషప్రయోగమునుండి కాపాడలేదు. చరిత్రకారులు 1182 ప్రాంతమున జరిగెనని తలచు కార్యమపూడి యుద్ధమున బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలగు వీరులు నేలకొరిగిరి.

గెలిచియు బ్రహ్మనాయుడు నలగాముని చంపక, రాజ్యమును మరల నాతనికే యప్పగించి, గుత్తికొండ బిలమును బ్రవేశించెనని కథ. గురజాలలో పదవిని మాత్రమే విడిచినవాడు, ఇచ్చట పక్షమునే విడిచెను. అతని స్వామిభక్తి మలిదేవునిదో నలగామునిదో కాక అనుగురాజు వంశమునకే చెందినదని కథకులు తీర్చిన తీర్పిది.

శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన ద్విపద యీ గాథకు కావ్యగౌరవము దెచ్చెను. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని బరిష్కరించి ప్రకటించిరి. ఆ కార్యమపూడియే యైన కారెంపూడిలో నేటికిని కార్తిక అమావాస్య మొదలు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేళ్లతో ఐదుదినముల యుత్సవము సాగును. మందపోరునాడు చాపకూడు వడ్డింతురు. ఈ ఐదింటిలో గురజాల కొలువు విడిచిన దినమునకు వేఱుగా నొక పేరు లేదు. పోరును బండుగ చేసికొనుటకు జనమునకు వీరుల శౌర్యము చాలును. ఆ పోరు ఏల వచ్చెనని యడుగువాడు మాత్రము ముందుగా ఆ దినమునే విచారింపవలసియుండును.