పద్మనాభం (నటుడు)

పద్మనాభం (1931 ఆగస్టు 20 – 2010 ఫిబ్రవరి 20) తెలుగు సినిమా హాస్యనటుడు, గుణచిత్ర నటుడు, నిర్మాత, దర్శకుడు. పూర్తి పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. కడప జిల్లా పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో వెంకట శేషయ్య, శాంతమ్మ దంపతులకు పుట్టారు. ప్రేక్షకులు ఆయన్ని నవ్వించే మనిషిగానే గుర్తుపెట్టుకున్నారు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి సినిమాలో మొదటి పాట ఇచ్చిన నిర్మాత కూడా ఆయనే.

ఆ రోజుల్లో సీమ పల్లెల్లో పిల్లవాడికి కళ అబ్బాలంటే ఉన్న దారులు రెండే. ఒకటి పద్యనాటకం, రెండోది టెంటు హాలు. పద్మనాభానికి రెండూ అంటుకున్నాయి. రాగం తీసి పద్యం పాడగల గొంతు ఉండేది. సినిమాల్లో విన్న పాటల్ని, పద్యాల్ని అలాగే అనుకరించేవారు. ఆ గొంతు పట్టుకునే చిన్న వయసులో మద్రాసు చేరి, నటి కన్నాంబ, ఆమె భర్త కడారు నాగభూషణం నీడన నిలదొక్కుకున్నారు. వాళ్ల సంస్థ తీసిన ‘పాదుకా పట్టాభిషేకం’ (1945)లో చిన్న వేషం దొరికింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. తర్వాత నాలుగైదేళ్లు గుంపులో ఒకడిగా, పక్కన నిలబడే కుర్రాడిగా గడిచాయి. అలాంటి వేషాల జాబితా ఇక్కడ ఏకరువు పెట్టనక్కర్లేదు.

పేరు తెచ్చినవి విజయా వారి చిత్రాలు. ఆ సంస్థ మొదటి సినిమా ‘షావుకారు’ (1950)లో పోలయ్యగా కనిపించారు. మరుసటి ఏడు వచ్చిన ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజప ఆయనే. ఎస్.వి.రంగారావు తెరనిండా పరుచుకున్న సినిమా అది. ఆ భారీ విగ్రహం పక్కన ఈ బక్కపలచని కుర్రవాడు గురువుగారి పిలుపుకు పరుగెత్తుకొస్తూ, ఒదిగి నిలబడుతూ ఉంటాడు. వేషం చిన్నదే కానీ కథకు కీలు అక్కడే ఉంది. కథానాయకుడు తోటరాముడు మాంత్రికుణ్ణి బలి ఇచ్చేశాక సినిమా అక్కడితో అయిపోవాలి. చచ్చిన గురువును సంజీవనితో లేపేది సదాజప. వాడు గనక గురువును వెతుక్కుంటూ వెళ్లకపోతే రెండో సగమే లేదు. ఈసారి చూసేటప్పుడు రంగారావు మీంచి కాసేపు చూపు తిప్పి, పక్కనున్న శిష్యుడి మొహం గమనించండి.

ఇంకో ముచ్చట. ఆ సినిమా నిర్మాత బి.నాగిరెడ్డిది కడప జిల్లాయే. దర్శకుడు కె.వి.రెడ్డిది పక్క జిల్లా తాడిపత్రి. నాగిరెడ్డి అన్న, ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్.రెడ్డి పుట్టింది పులివెందుల తాలూకాలోనే. వానలు సరిగా పడని ఆ నేల మద్రాసు స్టూడియోలకు ఇంతమందిని పంపింది.

యాభై, అరవైల్లో పద్మనాభం తీరిక లేని నటుడు. రేలంగి, రమణారెడ్డి పెద్ద తరం. రాజబాబు తర్వాతి తరం. ఈ రెంటికీ నడుమ వంతెన ఆయన. అప్పట్లో హీరో హీరోయిన్లతో పాటు హాస్యజంట ఒకటి ఉండి తీరాలి. వాళ్లకూ ఒక ప్రేమకథ, ఒక యుగళగీతం. రేలంగికి గిరిజ ఎలాగో పద్మనాభానికి గీతాంజలి అలా జత కుదిరింది. పొట్టి మనిషి, చురుకైన కళ్లు, మాటను గబగబా దొర్లించే తీరు. వెకిలితనం మీద ఆధారపడిన నటన కాదు. అమాయకత్వాన్నీ గడుసుదనాన్నీ ఒకే మొహంలో చూపగలగడం ఆయన బలం.

నటుడిగా సంపాదించింది ఆయన దాచుకోలేదు. వల్లం నరసింహారావుతో కలిసి నాటకాల కోసం పెట్టుకున్న రేఖా అండ్ మురళీ ఆర్ట్స్‌ను సినిమా సంస్థగా మార్చారు. మొదటి చిత్రం ‘దేవత’ (1965). ఎన్టీఆర్, సావిత్రి నటించారు, కె.హేమాంబరధరరావు దర్శకుడు, ఎస్.పి.కోదండపాణి సంగీతం. సినిమా బాగా ఆడింది. ఆ ధైర్యంతో ‘పొట్టి ప్లీడరు’ (1966), ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ (1967) తీశారు. ఈ రెండింటికీ, తర్వాతి ‘జాతకరత్న మిడతంభొట్లు’ (1971)కూ ఆయనే కథానాయకుడు. వీటిలో ఒక పోలిక ఉంది: గట్టి మనిషి కాని వాడు తెలివితోనో, అదృష్టంతోనో గట్టెక్కే కథలు. మర్యాద రామన్న, మిడతంభొట్లు మన అరుగుల మీద చెప్పుకున్న కథల్లోని మనుషులే. తన ఒడ్డూ పొడుగూ తెలిసి, తనకు సరిపోయే కథల్ని జానపదంలోంచి ఏరుకున్న నటుడాయన.

‘మర్యాద రామన్న’కు చరిత్రలో చోటు దక్కింది మాత్రం పాట వల్ల. మద్రాసులో ఇంజనీరింగు చదువుకుంటున్న కుర్రవాణ్ణి కోదండపాణి ఒక పాటల పోటీలో విని గుర్తుపెట్టుకున్నారు. ఆ కుర్రవాడితో పాడించడానికి నిర్మాత పద్మనాభం సరేనన్నారు. 1966 డిసెంబరు 15న రికార్డయిన ఆ పాటలో పి.సుశీల, పి.బి.శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యల సరసన నాలుగో గొంతు బాలసుబ్రహ్మణ్యానిది. ఘంటసాల ఏలుబడి సాగుతున్న రోజుల్లో పేరు లేని గొంతుకు డబ్బు పెట్టడం చిన్న విషయం కాదు.

‘శ్రీరామకథ’ (1969)తో దర్శకత్వం కూడా చేపట్టారు. ఆయన తీసినవాటిలో మేలైనది ‘కథానాయిక మొల్ల’ (1970). వాణిశ్రీ మొల్ల. రామాయణం రాసిన కుమ్మరింటి ఆడపడుచు మొల్ల ఊరు గోపవరం కడప జిల్లాలోనిదేనని చెప్పుకుంటారు. ఆమె కథను అదే జిల్లా మనిషి తెరకెక్కించాడు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా బంగారు నంది వచ్చింది. హాస్యనటుడు ఒక కవయిత్రి జీవితం మీద డబ్బు పెట్టడం అప్పటికీ ఇప్పటికీ అరుదే.

నంది వచ్చినా డబ్బు చిక్కులు తప్పలేదు. ‘ఆజన్మ బ్రహ్మచారి’ (1973), ‘మాంగల్య భాగ్యం’ (1974), ‘సినిమా వైభవం’ (1975), ‘పెళ్లికాని తండ్రి’ (1976) వచ్చాయి గానీ పాత వెలుగు తిరిగి రాలేదు. ఆయన సంస్థకు వెన్నుదన్నుగా నిలిచిన కోదండపాణి 1974లోనే కన్నుమూశారు. నిర్మాణం పద్మనాభాన్ని ఆర్థికంగా కుంగదీసింది. వేషాలు తగ్గాయి. రాజబాబు, అల్లు రామలింగయ్యల కాలం నడిచింది. తర్వాతి రోజుల్లో అడపాదడపా గుణచిత్ర పాత్రలు వేశారు, ఆత్మకథ రాసుకున్నారు.

2010 ఫిబ్రవరి 20న చెన్నైలో గుండెపోటుతో మరణించారు. వయసు 78. అదే ఏడు జూలైలో ఎస్.ఎస్.రాజమౌళి ‘మర్యాద రామన్న’ విడుదలైంది. కథ వేరు, పేరు మాత్రం అదే. అందులోనూ కథానాయకుడు హాస్యనటుడే, సునీల్.