బ్రహ్మాండం

‘ఆ ఒక్కరోజు రాకపోతే బ్రహ్మాండం బద్దలవుతుందా?’ అంటాం. పగలడమే ఎందుకు? అది గుడ్డు కాబట్టి. బ్రహ్మ, అండం కలిసిన మాట ఇది. పద్నాలుగు లోకాలూ ఓ పెంకులో ఇమిడి ఉన్నాయన్నది పురాణాల ఊహ. వాటిలో భూమి బల్లపరుపు, నడుమ మేరువు.

సిద్ధాంత జ్యోతిష్కులు భూమిని గోళం చేశారు కానీ పెంకు జోలికి పోలేదు. పైగా దాన్ని కొలిచారు! ఒక కల్పంలో చంద్రుడు చేసే ప్రదక్షిణల సంఖ్యను చంద్రకక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలతో గుణించి, సుమారు 187 కోట్ల కోట్ల యోజనాలని సూర్యసిద్ధాంతం తేల్చింది. సూర్యకిరణాలు అంతవరకే పోతాయట. లెక్క తప్పయినా, ఆ తెగువ నాకిష్టం.

ఒక్క గుడ్డుతో భక్తులకు తృప్తి కలగలేదు. వేంకటేశ్వరుణ్ణి అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుణ్ణి చేశారు.

నక్షత్రమండలాలు దూరమైనకొద్దీ మరింత వేగంగా తరలిపోతున్నాయని 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ చూపించాక ఇక పెంకుకు చోటెక్కడ? సైన్సు రచయితలు ‘విశ్వం’ అంటున్నారు. బ్రహ్మాండం మాత్రం సినిమా బాగుందని చెప్పడానికీ, పులిహోర కుదిరిందని మెచ్చుకోవడానికీ పనికొస్తోంది.