వరద కట్టించిన పక్షితోట

శంషాబాద్ దారిలోని కొత్వాల్‌గూడ ఎకో పార్కుకు, అందులో పెద్ద పక్షిశాల ఉండేలా, 2022లో శంకుస్థాపన జరిగింది. వల కింద చిలుక చేతిమీద వాలితే పిల్లలకు పండగే, కాదనను. కానీ ఇక్కడి అసలు పక్షితోట పక్కనే ఉంది. 1908 మూసీ వరద తర్వాత, విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఈసా నదిపై కట్టిన హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయింది. హైదరాబాద్ నగరాన్ని కాపాడటానికి కట్టిన చెరువు కొంగలకు, బాతులకు ఇల్లయింది. వాటికి కావలసింది లోతులేని అంచు, బురద, తుంగ. 1996 నాటి 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేయబట్టే ఆ అంచు ఇంతకాలం మిగిలింది.

ఆ జీవో వల్ల భూముల ధర పడిపోయిందన్న రైతుల బాధ న్యాయమైనదే. దానికి మందు పరిహారం, చెరువును వదులుకోవడం కాదు. దగ్గరలోని శంషాబాద్ విమానాశ్రయంలో విమానాలకు పక్షులు ప్రమాదమన్నదీ నిజమే, అయితే వాటిని రన్‌వే వైపు లాగే వాటిలో చెత్తకుప్పలూ ఉన్నాయి. హిమాలయాలు దాటి తెలంగాణ చెరువులకు వచ్చే, తలపై రెండు నల్లచారల పెద్దబాతును ఏ వలా పట్టి ఉంచలేదు.