"నల్లగా ఉన్నా" అనే మాటకు ఎంత వయసు?

  పోస్టు పెద్దగనే ఉంటది, ఓపికగా చదవండి.

మా హాస్టల్ రూంలో నలుగురం ఉంటాం. ఒకరిది ఉట్నూరు వైపు గోండు గూడెం, ఒకరిది భద్రాచలం అవతల కోయ గూడెం, ఒకరిది దేవరకొండ దగ్గర తండా, ఒకరిది అమ్రాబాద్ మీద చెంచు పెంట. నాలుగు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఏడాది ఫ్రెషర్స్ డే నాడు మాలో ఒకామె స్టేజీ ఎక్కి పేరు చెప్పుకుంటుంటే మైకు పట్టుకున్న సీనియర్ అన్నాడు: "చూడండి ఫ్రెండ్స్, అడవి అందం! నల్లగా ఉన్నా ఎంత కళగా ఉందో." హాలంతా చప్పట్లు. ఆమె కూడా నవ్వింది. రాత్రి రూంకి వచ్చి అన్నం తినలేదు. "మెచ్చుకున్నడు కదే, ఎందుకు ఏడుస్తున్నవ్?" అని మేమే అడిగినం. ఆమె చెప్పలేకపోయింది. వారం రోజులు క్లాసుకు పోలేదు. ఆ తర్వాత ఆమె పెట్టెలో తెల్లబడే క్రీము కనిపించింది. బస్సు ఛార్జీలకు దాచుకున్న పైసలతో కొన్నది.

ఆ "ఉన్నా" అనే చిన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. లైబ్రరీలో దొరికింది చదివినం. సెలవులకు ఇంటికి పోయి ముసలోళ్లను అడిగినం. మాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లకు ఒక భయం పట్టుకుంది. తాము పాలిస్తున్న జనం ఎవరో తమకే సరిగ్గా తెలియదని. అందుకే ఫొటోలు తీయించిన్రు. 1868 నుంచి 1875 వరకు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వచ్చినయ్. ఒక్కో ఫొటో పక్కన ఆ జాతి ఎట్లాంటిదో రాసేవాళ్లు. రూపం చూసి గుణం చెప్పడం అక్కడ ఒక ప్రభుత్వ పని.

ఆ తర్వాత కొలతలు మొదలైనయ్. 1891లో హెర్బర్ట్ రిస్లే బెంగాల్ కులాలు, తెగల మీద పుస్తకాలు వేశాడు. ఆయన చేతిలో ఒక లెక్క ఉంది. ముక్కు వెడల్పును ముక్కు పొడవుతో భాగించి వందతో గుణించాలి. 70 లోపు వస్తే సన్నని ముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు. ముక్కు ఎంత వెడల్పైతే సమాజంలో స్థానం అంత కింద అని ఆయన వాదన. ఇదే రిస్లే 1901 జనాభా లెక్కలకు కమిషనర్. మన మద్రాసు రాజధానిలో ఎడ్గార్ థర్‌స్టన్ కూడా ముక్కులు, తలలు కొలిచాడు. మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఉంటూ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. కోయ, సవర, గదబ, చెంచు, లంబాడా అందరం అందులో ఉన్నాం.

ఈ లెక్కలను ఇప్పుడు ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. కానీ లెక్క పోయినా చూపు పోలేదు. "ట్రైబలా? అట్లా కనపడవే!" అని మెస్ దగ్గర అడుగుతరు చూడండి, మెచ్చుకున్నట్టే. అది రిస్లే కొలతే. స్కేలు లేదు, అంతే.

రెండో రకం చూపు ప్రేమతో వచ్చింది. దాని గురించి జాగ్రత్తగా రాయాలి. 1940లలో హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి గోండుల భూముల కోసం, బడి కోసం పని చేసిన సంగతి మనందరికీ తెలుసు. బెట్టీ అమ్మ సమాధి ఈ రోజుకీ అక్కడే ఉంది. ఆ మేలు మరువం. అదే కాలంలో బస్తర్‌లో వెరియర్ ఎల్విన్ మురియాల ఘోటుల్ మీద పెద్ద పుస్తకం రాశాడు, 1947లో వచ్చింది. యువతీ యువకులు కలిసి పాట, పని, మర్యాద నేర్చుకునే చోటు అది. బయటి లోకం అందులోంచి ఒక్క ముక్కే ఏరుకుంది: "అడవి ఆడోళ్లకు అడ్డూ అదుపూ ఉండదు" అని. సినిమాల్లో గూడెం అనగానే ఒక పాట, పొట్టి బట్టలు, నడుముకు ఆకులు. మా అమ్మమ్మల్లో ఎవరూ అట్లా బట్ట కట్టలేదు.

ఈ చూపు పాటల్లోనే ఆగితే ఇంత రాయకపోదుం. 1972లో ఇప్పటి గడ్చిరోలి జిల్లా దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద పోలీసులు అత్యాచారం చేశారని కేసు అయింది. ఆమెకు అంతకు ముందే సంబంధాలు ఉన్నాయని సెషన్స్ కోర్టు రాసింది. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు వాళ్లను విడిచిపెట్టింది, ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టే అని. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు రోడ్ల మీదికి వచ్చారు. 1983లో చట్టం మారింది. "అడవి అందం" అనే మాట వినగానే మా ఒళ్లు ఎందుకు జలదరిస్తదో ఇది చదివినంక అర్థమైంది. "వీళ్లు ఎవరికైనా దొరుకుతారు" అనే మాట ఆ పొగడ్త కిందే ఉంది.

ఇక క్రీము సంగతి. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో అమ్మకానికి వచ్చింది. 2020లో అమెరికాలో నల్లవాళ్ల ఉద్యమం జరిగినంక పేరులో "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టిన్రు. నలభై ఐదేళ్లు మన అమ్మల తరం ఆ పేరు చూస్తూనే పెరిగింది. మన ఇళ్లలో కూడా సంబంధం చూసేటప్పుడు "పిల్ల రంగు ఎట్లుంది?" అనే ప్రశ్న వచ్చింది. ఒకప్పుడు మగపెళ్లి వాళ్లు ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్న ఇళ్లలోనే ఇప్పుడు కట్నం అడుగుతున్నరు. రంగు తక్కువైతే కట్నం ఎక్కువట.

మరి అంతకు ముందు అందం అంటే ఏంది? ఇదే అడిగినం. కోయ అమ్మమ్మ చెప్పింది: "రేల ఆడేటప్పుడు పక్క పిల్ల చేయి వదలకుండ అడుగు కలపాలె. పొద్దుగాల ఇప్పపువ్వు ఏరేకాడ అందరికంటే ముందుండాలె. ఆ పిల్లనే చూసేటోళ్లం." తండా నానమ్మ కుట్టు గురించి చెప్పింది. అద్దాలు, గవ్వలు కుట్టిన పనితనం చూసి పిల్ల ఓపిక, తెలివి తెలుసుకునేవాళ్లట. పెంట తాత నవ్వి, "తాడు పట్టుకొని కొండచరియ దిగి తేనె తెచ్చినోడే అందగాడు" అన్నాడు. గోండు అవ్వ చేతి మీది పచ్చబొట్టు చూపించి, "నగలు దొంగలు ఎత్తుకపోతరు, ఇది సచ్చినా నాతోనే వస్తది" అంది.

అయితే ఆ కాలమంతా బంగారం అని మేం అనం. అదే అవ్వ ఇంకో మాట కూడా అంది: "నొప్పికి అరిచిన. నలుగురు పట్టుకొని పొడిచిన్రు. వద్దంటే ఎవరు విన్నరు?" ఈ మాట కూడా చరిత్రే. రాయకుండా ఉండలేం.

ఇప్పుడు మన గ్రూపు అన్నదమ్ములతో ఒక మాట, కోపం చేసుకోకండి. ఆగస్టు 9 రాగానే మన అక్కల ఫొటోల కింద "మన డ్రెస్‌లో దేవతలా ఉన్నావ్, జీన్స్‌లో ఏం బాగుంటది" అని రాస్తరు. మంచి మనసుతోనే రాస్తరు. కానీ మన తాతలు ధోతి విడిచి ప్యాంటు వేసుకున్న రోజు ఎవరూ వాళ్లను సంస్కృతి అడగలేదు. అద్దాలు, గవ్వలు, వెండి బరువు మాత్రం ఆడపిల్ల ఒంటి మీదే ఉండాలా? గుస్సాడీ ఆటకు మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. నెమలి ఈకల టోపీ పెట్టిన మగవాళ్లను చూసి జనం "ఎంత బాగా ఆడుతున్నరు" అంటరు. దింసా ఆడే అక్కలను చూసి "ఎంత బాగున్నరు" అంటరు. ఒకరికి విద్య పేరు, ఇంకొకరికి ఒంటి పేరు. తేడా అక్కడే ఉంది.

పొగడ్తలన్నీ తప్పని కాదు. మాకూ బాగున్నావంటే సంతోషమే. చీర రంగు బాగుందని స్నేహితుడు చెప్తే ఎవరం ఏడవం. మేం చూసుకునేది ఇంతే. ఆ మాటలో "ఉన్నా", "అయినా" ఉందా? ఉంటే మన జాతిని కిందపెట్టి మనల్ని ఒక్కరిని పైకి ఎత్తుతున్నట్టు. అదే మాట మన అన్నతో అంటారా? మనం చేసిన పనిని పక్కకు పెట్టి ముఖం గురించి మాట్లాడుతున్నారా? వద్దన్నంక ఆపుతున్నారా?

ఆపకపోతే చట్టం ఉంది. లైంగిక అర్థం వచ్చే మాటలు వేధింపేనని 2013లో చట్టంలో చేర్చారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మన మహిళల మీద అలాంటి మాటలు, సైగలు చేస్తే అదీ నేరమే. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఎవరు ఉన్నారో పేర్లు అడిగి తెలుసుకోండి.

మా ఫ్రెండ్ కమిటీ దాకా పోలేదు. ఒకరోజు మేం ముగ్గురం పక్కన నిలబడితే తనే పోయి ఆ సీనియర్‌కు చెప్పింది. "మెచ్చుకుంటే కూడ తప్పేనా?" అన్నాడు. "ఆరోజు నేను ఏ ఊరు, ఏ సబ్జెక్టు అని చెప్పిన, గుర్తుందా?" అని అడిగింది. ఆయనకు గుర్తు లేదు. క్షమించమని అనలేదు, కానీ తల దించుకున్నాడు. క్రీము ఇంకా పెట్టెలోనే ఉంది. ఒక్కోసారి రాసుకుంటది. మేం ఏం అనం. నూటయాభై ఏళ్ల నుంచి వస్తున్న మాట ఒక్క ఏడాదిలో పోదు. స్టాటిస్టిక్స్ పరీక్ష ముందు రాత్రి మాత్రం మా ఫ్లోర్ అంతా ఆమె మంచం చుట్టూ కూర్చుంటది.

ఈ సెలవులకు ఇంటికి పోతే మీ అవ్వను, నానమ్మను ఒక్క మాట అడగండి: "మీ కాలంలో ఎవరిని చూసి బాగుందనేవాళ్లు, ఎందుకు?" అని. వాళ్లు చెప్పింది కామెంట్లలో రాయండి. థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో ఆ జవాబులు లేవు. మనమే రాసుకోవాలి.

జోహార్.