ఎండ కాయని ఆషాఢము

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయు ఆచారము, తెలుగువారు ఏ సీమకు పోయి స్థిరపడినను, వారి వెంటనే పోయినది. చెన్నపురిలోనైనను, బెంగుళూరులోనైనను, బరంపురములోనైనను, సోలాపురపు మగ్గముల వీధులలోనైనను, యానాములోనైనను ఆనాడు పెద్దలు కూర్చుండి, ఆ యేటికి రాజెవరో, మంత్రి యెవరో, మేఘాధిపతి యెవరో, వాన యెంతో, పంట యెట్లుండునో వినుచుందురు. సంవత్సరమునకు పేరుండుట వలన మనకొక మేలు గలిగినది. మంచి చెడ్డలను మనవారు ఆ పేరుతోనే జ్ఞాపకముంచుకొనిరి. 1832-33లో గుంటూరు సీమను మాడ్చిన కరువు నందన కరువైనది. 1876లో మొదలై మద్రాసు రాజధానినంతటిని పీడించిన మహాక్షామము ధాత కరువైనది; తమిళ సోదరులును దానిని ధాతు వర్షపు పంజమనియే పిలిచిరి.

ఆ ధాతకు సరిగా అరువదియేండ్లకు ముందు మరియొక ధాత గడచెను. అది 1816-17. ఆ యేటి ఆషాఢము మన పంచాంగములకు ఎరుకలేని దూరదేశములలో ఒక వింత చూపెను. పాశ్చాత్యులు దానిని వేసవి లేని సంవత్సరమని చెప్పుకొందురు. ఆ కథకు మూలము తూర్పు దీవులలో నున్నది. ఒక కొన మన చెన్నపురిని తాకుచున్నది. కావున దానిని ఇచ్చట సంగ్రహముగా వివరింప దలచితిమి.

మనకు ఆషాఢమనగా మబ్బు, ముసురు, ఏరువాక. రోహిణికార్తె యెండలకు వేగిన నేలపై తొలకరి పడినప్పుడు మనము సంతోషింతుము. మబ్బు పట్టిన పగలును మనమెన్నడును దుర్దినమని దుఃఖింపము. ఐరోపాలో అట్లు కాదు. అచ్చట జూలై మాసము వేసవికి నడిబొడ్డు. గోధుమ, బార్లీ, ద్రాక్ష ఆ నెల యెండనే నమ్ముకొని పండును. ఎండుగడ్డి ఆ నెలలోనే కోసి, ఆరబెట్టి, చలికాలమునకై పశువులకు దాచవలెను. ఆ నెల యెండ కాయనిచో ఏడాది గ్రాసము పోయినట్లే. మన జ్యేష్ఠాషాఢములలో వానలు మొగము చాటువేసినచో మనకెట్టి చేటు కలుగునో, అచ్చటివారికి జూలైలో సూర్యుడు మొగము చాటువేసినచో అట్టి చేటు కలుగును.

1816 జూలై అట్టి మాసము. మధ్య ఇంగ్లండు ప్రాంతమున 1659 మొదలు నేటివరకు నెలనెలకు సగటు ఉష్ణోగ్రత లెక్క కట్టబడియున్నది. ప్రపంచమున ఇంత దీర్ఘమైన లెక్క వేరొకటి లేదు. ఈ మూడున్నర శతాబ్దములకు పైబడిన కాలమున అన్ని జూలైలలోను మిక్కిలి చల్లనిది 1816 నాటిదే. దాని సగటు 13.4 డిగ్రీల సెంటిగ్రేడు మాత్రమే. సాధారణముగా అచ్చటి జూలై 16 డిగ్రీలకు మీదనే యుండును. మూడు డిగ్రీల వ్యత్యాసము అల్పమని పాఠకులు తలపరాదు. మాసమంతటి సగటు అంత పడిపోవుటకు పగలు పగలంతయు మబ్బే కప్పుకొని యుండవలెను, వాన విడువకుండవలెను. కోసిన గడ్డి చేలలోనే కుళ్ళెను. వెన్నులలోని గింజ పక్వము కాకయే మొలకెత్తెను. ఫ్రాన్సు దేశమున చాల తావుల ద్రాక్షకోత అక్టోబరు చివరకు గాని సాగలేదు. అట్లాంటికు కావలి యొడ్డున, అమెరికా ఈశాన్య రాష్ట్రములలో, జూన్ 6 మొదలు మంచు కురిసెను. వేసవి నెలలలో పదేపదే పడిన మంచుదెబ్బకు మొక్కజొన్న చేలు నల్లబడెను.

ఆ యేడు సూర్యబింబము మసకబారి, దానిపై నుండు మచ్చలు వట్టి కంటికే అగపడజొచ్చెను. సామాన్యులు బెదరిరి. ఇటలీలోని బొలోన్యా నగరమునుండి యొకడు జూలై 18వ తేదీన సూర్యుడు ఆరిపోవునని, లోకము అంతమగునని ప్రకటించెను. అతనిని అధికారులు నిర్బంధించిరి గాని, పుకారు అప్పటికే దేశములు దాటెను. జూలై 18 గడచెను, సూర్యుడు ఆరిపోలేదు. కాని యెండయు కాయలేదు.

ఆ వేసవిలోనే స్విట్జర్లాండు నందలి జెనీవా సరస్సు తీరమున కొందరు ఆంగ్ల రచయితలు విడిది చేసియుండిరి. వాన వలన వారు గడప దాటలేకపోయిరి. పొద్దుపోక, దయ్యముల కథలు చదువుకొని, తలకొకటి వ్రాయవలెనని పందెము వేసికొనిరి. అప్పటికి పదునెనిమిదేండ్ల బాలిక మేరీ ఆ నిర్బంధమున మొదలిడిన కథయే 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అను నవలగా వెలువడెను. బైరన్ కవి సూర్యుడు లేని లోకమును వర్ణించుచు ‘చీకటి’ అను పద్యకృతిని రచించెను. ఆ రచనలు విఖ్యాతములైనవి. కాని అదే సరస్సునకు చుట్టునున్న కొండపల్లెలలో ఆ మరునాటి యేడు జనులు గడ్డిగాదము వండుకొని తినిరి. ధాన్యపు ధరలు రెండింతలై, కొన్నిచోట్ల అంతకు మించెను. ఐర్లండులో ఆకలి వెంట విషజ్వరము వ్యాపించెను. జర్మను సీమలనుండి వేలకొలది కుటుంబములు రైన్ నది వెంబడి పడవలెక్కి అమెరికాకు, మరికొన్ని రుష్యాకు వలసపోయినవి. పుట్టినయూరు విడుచుట యెట్టిదో మన సంఘములలోని పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ దుఃఖమునుండి కొన్ని మంచి పనులును పుట్టినవి. వుర్టెంబర్గు రాజు విల్హెల్ము, రాణి కాథరీనా 1818లో కృషి విద్యకై హోహెన్‌హైములో పాఠశాలను నెలకొల్పిరి. బీదల పొదుపునకై బ్యాంకును పెట్టిరి. పంట చేతికి వచ్చిన సంతోషమునకు గుర్తుగా రైతుల ఉత్సవము నేర్పరచిరి. ఆ ఉత్సవము కాన్‌స్టాట్‌లో నేటికిని సాగుచున్నది.

ఇంతటి చలికి కారణమేమో ఆనాడు ఐరోపాలో ఎవరికిని తెలియదు. కారణము వారికి వేల మైళ్ళ దూరమున, జావా ద్వీపమునకు తూర్పుననున్న సుంబావా ద్వీపమున, అంతకు పదునైదు నెలల ముందే జరిగిపోయెను. 1815 ఏప్రిలు 5వ తేదీన అచ్చటి తంబోరా పర్వతము గర్జింప నారంభించెను. ఆ ధ్వని జావాలో ఫిరంగి మ్రోతవలె వినవచ్చుటచే యోగ్యకర్తనుండి సేనలు కదలెను. ఏప్రిలు 10వ తేదీ సాయంకాలము పర్వతము పగిలెను. మనకు యువ నామ సంవత్సరము ఆరంభమగుచున్న దినములవి. సుమారు 4,300 మీటర్ల యెత్తున్న శిఖరము కూలి 2,850 మీటర్లకు దిగెను. దాని నెత్తిన ఆరు కిలోమీటర్ల వెడల్పుగల గుంట యేర్పడెను. మ్రోత సుమత్రా వరకు వినబడెను. పదివేలమంది అప్పటికప్పుడే మడిసిరి. పొలములపై బూడిద పరచుకొనుటచే వచ్చిన కరువునకు, రోగములకు సుంబావాలోను, పొరుగునున్న లొంబాకులోను మరి యనేక వేలమంది బలియైరి. వ్రాతలో నమోదైన అగ్నిపర్వత విస్ఫోటములలో ఇంతకంటె పెద్దది లేదు.

పర్వతము వెళ్ళగ్రక్కిన బూడిద కొలది వారములలో నేలకు దిగును. చలికి హేతువు దానితోగూడ పైకెగసిన గంధకవాయువు. అది మేఘములకు పైనున్న వాయుమండలమున చేరి, తేమతో కలిసి, గంధకామ్లపు సూక్ష్మబిందువులై, భూగోళమునంతటిని పలుచని తెరవలె చుట్టుకొనెను. మేఘమండలమునకు పైనుండుటచే వానకు కడిగిపోక, ఆ తెర రెండు మూడేండ్లు నిలిచి, సూర్యరశ్మిలో కొంత భాగమును వెనుకకు మరలించెను. 1991 జూన్‌లో ఫిలిప్పీను దీవులలోని పినటూబో ప్రేలినప్పుడు శాస్త్రజ్ఞులు ఈ వ్యాపారమును పరికరములతో కొలిచిరి. భూమి సగటు ఉష్ణోగ్రత అరడిగ్రీ వరకు తగ్గెను. గ్రీన్‌లాండు, దక్షిణధ్రువ ప్రాంతముల మంచుపొరలలో తంబోరా గంధకము జాడలు నేటికిని నిలిచియున్నవి. ఐనను 1816 నాటి చలిని తంబోరాతో జోడించి చెప్పుటకు లోకమునకు ఇంచుమించు నూరేండ్లు పట్టెను. 1913లో హంఫ్రీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ సంబంధమును సూచించెను.

ఆ యేండ్లలో మన సీమలు ఎట్లుండెను? యువ సంవత్సరము ముగియుచుండగా, 1816 మార్చిలో, పిండారీలు గుంటూరు సీమపై పడి గ్రామములను కొల్లగొట్టిరి. ఋషికుల్యా నదీముఖముననున్న గంజాము పట్టణమున 1815లో విషజ్వరము పుట్టి మూడేండ్లు విడువకుండుటచే, జిల్లా ముఖ్యస్థానము బరంపురమునకు మారెను. నేడు బరంపురమున నున్న తెలుగు కుటుంబములవారు తమ పట్టణ చరిత్రలో ఆ జ్వరమునకు గల స్థానమును గుర్తింతురు గాక. 1817 ఆగస్టులో వంగదేశపు జెస్సోరులో ప్రబలిన కలరా 1818 నాటికి దక్షిణాపథమంతట వ్యాపించెను. వీనినన్నిటిని తంబోరాకే ముడిపెట్టుట న్యాయము కాదు. పిండారీల దోపిడికి రాజ్యముల బలహీనతయే కారణము. గంజాము జ్వరము పుట్టిన యేడు తంబోరా యేడే యైనను, కాలము కలిసినంత మాత్రమున కార్యకారణ సంబంధము సిద్ధింపదు. కలరా విషయమున మాత్రము, ఋతుపవనము గతి తప్పుట ఆ వ్యాధి విజృంభించుటకు తోడ్పడెనని కొందరు చరిత్రకారులు వాదింతురు. పెద్ద అగ్నిపర్వత విస్ఫోటముల వెనుక ఋతుపవనము బలహీనపడుట శాస్త్రసమ్మతమే గనుక ఆ వాదమును త్రోసిపుచ్చరాదు. అయినను కలరా వంగదేశమున అంతకుముందే యున్నదని మరువరాదు. అట్లే రెండు ధాతల నడుమనున్నది పేరు కలయిక మాత్రమే.

ఇక మా వ్యాసమునకు ముఖ్యమైన సంగతి. తంబోరా పర్వతపు అంచున, ఆ పర్వతము పేరనే, ఒక చిన్న రాజ్యముండెను. దాని ప్రజలకు చుట్టుపట్ల భాషలతో పొత్తులేని ఒక ప్రత్యేక భాష యుండెను. 1815 ఏప్రిలులో ఆ రాజ్యము, ఆ ప్రజలు, ఆ భాష బూడిద క్రింద సమాధి యైపోయిరి. ఆ భాషలో నేడు లోకమునకు మిగిలినవి ఇంచుమించు ఏబది మాటలు. విస్ఫోటమునకు ముందెవరో అడిగి వ్రాసికొన్న ఆ పట్టికను, అప్పుడు జావాకు ఆంగ్లేయ పాలకుడుగానున్న రాఫిల్సు 1817లో వెలువరించిన జావా చరిత్రలో చేర్చెను. ఒక జాతి పాటలు, సామెతలు, తల్లి బిడ్డను పిలిచిన పిలుపులు, సర్వము పోయి, ఏబది మాటలు నిలిచినవి. ఆ భాష ఏ కుటుంబమునకు చెందినదో నేటి పండితులు ఊహింపగలుగుచున్నది ఆ పట్టిక వలననే.

ఆ ధాత సంవత్సరమునకే చెందిన వేరొక సంగతిని దీని ప్రక్కన నిలుపుదము. 1816లో చెన్నపురిలో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణము ఆంగ్లమున అచ్చయ్యెను. దానికి ఎల్లిసు దొర వ్రాసిన ముందుమాటలో, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు ధాతువుల సాక్ష్యముతో నిరూపించెను. కాల్డ్వెల్ ప్రఖ్యాత గ్రంథమునకు ఇది నలువదియేండ్లు ముందు. ఎల్లిసు వెనుక సెంటుజార్జి కోట కళాశాలలోని మన పండితులుండిరి. బందరు వాస్తవ్యుడు మామిడి వెంకయ్య కూర్చిన నిఘంటువుండెను. ఆ చల్లని జూలైలో పదునేడేండ్ల ప్రాయమున ఇంగ్లండుననే యుండిన యువకుడొకడు, కంపెనీ కొలువునకై హెయిలీబరీలో శిక్షణ పొంది, 1817 ఆగస్టులో మద్రాసు రేవున దిగెను. ఆతడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను. తెలుగు తాళపత్రములకు, పద్యములకు, మాటలకు ఆతడు చేసిన సేవ తెలుగువారికందరకు విదితము.

తంబోరా భాషకు ఒక యెల్లిసు లేడు, ఒక వెంకయ్య లేడు, ఒక బ్రౌను లేడు. మన భాషకు వారందరును కలిగిరి. కోట్లమంది జనులును కలిగిరి. కాని స్వరాష్ట్రమునకు వెలుపల తరతరములుగా నున్న మన కుటుంబములలో తెలుగునకు కలుగు నష్టము అగ్నిపర్వతము వలన రాదు. అది ముసురువలె వచ్చును. ఒకనాడు చదువు, ఒకనాడు కొలువు, ఒకనాడు ఇరుగుపొరుగుల వాడుక. చినుకు చినుకుగా మాట జారిపోవును. తాతకు ఏరువాక తెలియును, తండ్రికి మాట మాత్రము తెలియును, మనుమనికి మాటయు తెలియదు.

మన ముంగిళ్ళలో పలికెడి తెలుగులో, నడుమ ఆంధ్రదేశమున వాడుక తప్పిన పాతమాటలు నిలిచియున్నవని ఎరిగినవారు చెప్పుదురు. హొసూరు, కోవిల్పట్టి ప్రాంతముల రైతుల నోట, బరంపురము, పర్లాకిమిడి ఇండ్లలో, సోలాపురపు నేతగాండ్ర పలుకుబడిలో వాననుగూర్చిన మాటలే ఎన్నియో యుండును. తొలకరి, జల్లు, తుంపర, జడి, ముసురు, గాలివాన అని మనము పైకెరిగినవి కాక, ఆయా తావుల పెద్దలకు మాత్రమే తెలిసిన పేర్లు వేరుగ నుండకపోవు. ప్రతి కుటుంబమున ఒక పిల్లవాడు ఒక నోటుపుస్తకము తీసికొని, అవ్వను, తాతను అడిగి ఆ మాటలను వ్రాసినచో చాలును. తంబోరాలో ఆనాడు అట్టి పని చేసినవాని పేరైనను మనకు దక్కలేదు. అతడు వ్రాసిన ఏబది మాటలు మాత్రము రెండు శతాబ్దములు నిలిచినవి.