మనస్సునకు పెట్టిన పేర్లు

శరీరమునకు కలిగిన బాధను పేరుపెట్టి చెప్పుట సులభము; మనస్సునకు కలిగిన బాధను చెప్పుట కష్టము. భయము, ఆందోళన, శోకము, కుంగుబాటు, ఆఘాతము అను మాటలను మనము నిత్యము వాడుచునే యున్నాము. అవి ఒకదానికొకటి ఎట్లు వేరో విచారించువారు తక్కువ. ఈ విచారణకు అవనిగడ్డ ప్రాంతము తగిన తావు.

13వ శతాబ్దిలో దివిసీమను అయ్యవంశీయులు పాలించుచుండగా కాకతి గణపతిదేవుడు దానిని జయించి, ఆ వంశపు కన్యలగు నారమ, పేరమలను వివాహమాడెను. వారి సోదరుడు జాయప గణపతిదేవుని గజసాహిణియై, సంస్కృతమున 'నృత్తరత్నావళి'ని రచించెను. మొవ్వ క్షేత్రయ్య పదములును, కూచిపూడి భాగవతుల ఆటయు ఈ పరిసరములవే. ఈ కళలకెల్ల ఆధారమైన భరతుని నాట్యశాస్త్రము భావములను 49గా లెక్కించినది: స్థాయిభావములు 8, సంచారిభావములు 33, సాత్త్వికభావములు 8.

ఈ లెక్క వట్టి పాండిత్యము కాదు. భయము స్థాయి. పిడుగుపాటుకు ఉలికిపడుట త్రాసము. కీడు కలుగునేమో యను సందేహము శంక. ఈ మూడును సంచారి, స్థాయి భేదముతో వేరువేరుగా నిలిచినవి. నేటి మనశ్శాస్త్రమును ఇట్టి భేదమునే పాటించుచు, ఎదుట నున్న ప్రమాదమునకు భయమనియు, రానున్నదానిని తలచి కలుగు తల్లడమునకు ఆందోళన యనియు చెప్పుచున్నది. సాత్త్వికభావములు దేహమున కనబడు గుర్తులు: చెమట, గగుర్పాటు, వణకు, కన్నీరు మొదలగునవి. వానిలో కడపటిది ప్రళయము. అనగా స్పృహ తప్పుట. 1884లో అమెరికా పండితుడు విలియం జేమ్స్ దేహములోని మార్పులను మనము అనుభవించుటయే ఉద్వేగమని వాదించెను. దేహమునకును భావమునకును గల పొత్తు మన నటులకు ఎన్నడో తెలిసిన విషయము.

1977 నవంబరు 19న దివిసీమకు మరియొక ప్రళయము వచ్చినది. సముద్రము ఉప్పెనయై ఊళ్ళమీద పడగా సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. మృతులు సుమారు 10,000 మందియని ప్రభుత్వపు లెక్క. పెనుగాలి, వాన, విపత్తు కలిగించు కలవరమునకు నాట్యశాస్త్రము ఆవేగమని పేరిడినది. కాని ఆవేగము సంచారి, వచ్చి పోవునది. పోక నిలిచినచో నేమందుము?

ఇట్టి విపత్తును దాటినవారిలో కొందరికి ఎన్నడో గడచిన సంఘటనయే కలలో మరల జరుగును. గాలి హోరు వినబడగానే గుండె దడదడలాడును. ఆ తావునకు పోవుటకు కాళ్ళాడవు. నెలదినములు మించియు ఇవి విడువనిచో వైద్యులు ఆఘాతానంతర రుగ్మత యందురు. ఈ పేరు అమెరికా మనోవైద్య సంఘపు పట్టికలో చేరినది 1980లో, అనగా ఉప్పెనకు మూడేండ్ల పిదప. వియత్నాం యుద్ధము నుండి వచ్చిన సైనికుల అవస్థయు అందులకొక కారణము.

శోకమును కుంగుబాటును కూడ వేరుగా చూడవలెను. బిడ్డను కోల్పోయిన తల్లి ఏడ్చుట రోగము కాదు. శోకము అలలవలె వచ్చి తగ్గుచుండును. పోయినవారిని తలచుకొన్నపుడు ఉబుకును. కుంగుబాటున అట్టి విరామముండదు. రెండు వారములకు తగ్గక ఏ పనియందును ఆసక్తి లేక, నిద్రయు ఆకలియు చెడి, తాను నిష్ప్రయోజకుడనను తలంపు పట్టుకొనును. దానికి చికిత్స కలదు.

ఈ భేదములు తెలియనిచోట అన్నింటికిని ఒకటే మాట దొరకును: పిచ్చి. 1912 నాటి మన చట్టమే రోగిని ఉన్మత్తుడని పిలిచినది. 1987లో వచ్చిన చట్టము ఆ మాటను తొలగించి, మనోరోగి యనినది. ఒక మాట మారుటకు 75 ఏండ్లు పట్టినది.

భరతుని పదములు రసమునకై పుట్టినవి, వైద్యమునకు కాదు. వానితో రోగనిర్ణయము చేయరాదు. అయినను ఒక్కొక్క భావమునకు ఒక్కొక్క పేరుండవలెనను వారి పట్టుదల మనకు ఆదర్శము. ఇంట నొకరు మాటలాడుట మానినపుడు పిచ్చియని తీర్మానింపక, ఇది భయమా, శోకమా, కుంగుబాటా యని అడిగినచో ఆ మనిషిని సకాలమున వైద్యునికడకు చేర్చగలము.