మెతుకు దిగుటకు దారి

ఆకలి ఉండి, ఎదుట అన్నము ఉండి, మ్రింగిన మెతుకు కడుపు చేరకపోవుట ఎంతటి బాధ! అన్నవాహిక అడుగున ఒక కండరవలయము కలదు. మ్రింగినప్పుడు అది సడలవలెను. దానిని సడలించు నరకణములు నశించినచో ద్వారము బిగిసిపోవును. తిన్నది అచ్చటనే నిలిచి, వెనుకకు వచ్చును. ఈ వ్యాధిని వైద్యులు ‘అకలేషియా’ అందురు.

1674లో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ ఇట్టి రోగిని గూర్చి వ్రాసెను. తిమింగిలము నుండి లభించు వంగెడు కడ్డీ కొనకు స్పాంజి ముక్క అమర్చి యిచ్చెను. రోగి దానిని గొంతులోనికి దింపి, తిన్న అన్నమును కడుపులోనికి నెట్టుకొనెడివాడు. అట్లే ఏండ్ల తరబడి జీవించెను.

1913లో జర్మనీ శస్త్రవైద్యుడు ఎర్నెస్టు హెల్లర్ పొట్ట తెరచి, బిగిసిన కండరమును బయటినుండి కోసెను. లోపలి పొరను మాత్రము తెగనీయలేదు. అదే పనిని పొట్టపై చిన్న రంధ్రముల గుండ లాపరోస్కోపుతో చేయవచ్చునని 1991లో స్కాట్లండులోని డండీ నగర వైద్యులు ప్రకటించిరి. 2008లో జపాను వైద్యుడు హరుహిరో ఇనోవె నోటి ద్వారా ఎండోస్కోపును పంపి, వాహిక గోడలోనే సన్నని సొరంగము చేసి, కండరమును కోసెను. ఒంటిపై గాటే లేదు! ‘పోయెమ్’ అను ఈ చికిత్స నేడు మన హైదరాబాదులోను జరుగుచున్నది.

అయినను ఒక సత్యము మరువరాదు. నశించిన నరకణములను ఈ పద్ధతులలో ఏదియు బ్రతికింపజాలదు. కండరము కోసిన పిదప కడుపులోని ఆమ్లము కొందరికి పైకి ఎగదన్నుటయు కలదు. మూడున్నర శతాబ్దములలో మారినది ఆ ద్వారమును చేరు త్రోవ. మారనిది, మెతుకునకు దారి చేయవలెనను తపన.